స్క్రాచ్‌లో పిల్లిని గంతులేయించారు సరే, పిల్లలు ఏం నేర్చుకున్నట్టు?

సుద్దముక్క

నమస్కారం అందరికీ. నేను ఏడో తరగతికి లెక్కలూ సైన్సూ చెబుతాను. నెల కిందట మా క్లాసుకి మూడు కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో స్క్రాచ్ వేసి (దిమ్మెలు పేర్చి పిల్లలు ప్రోగ్రాములు రాసుకునే సాఫ్ట్‌వేర్ అది) వారానికి రెండు పీరియడ్లు పిల్లలకి ఇస్తున్నాను. ఇప్పటికి ఎనిమిది పీరియడ్లయ్యాయి.

మొదటి రోజు క్లాసులో ఎంత హుషారో చెప్పలేను. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా "టీచర్, ఇటు చూడండి" అని పిలిచారు. స్క్రాచ్ తెరమీద ఉండే పిల్లి బొమ్మని నడిపించారు, గంతులేయించారు, దాని రంగు మార్చారు, మ్యావ్ అనిపించారు. చూస్తుంటే నాకూ సంతోషమేసింది. కానీ నాలుగో వారంలో కూడా అదే పిల్లి, అవే గంతులు. రంగు మారుతుంది, శబ్దం మారుతుంది, అంతకుమించి కదలడం లేదు.

మొన్న తోటి టీచర్ ఒకరు నా క్లాసు ముందు ఆగి, "దీంతో వీళ్లు ఏం నేర్చుకుంటున్నారు?" అని అడిగారు. ఎత్తిపొడుపుగా కాదు, తెలుసుకుందామనే అడిగారు. "ఆసక్తి పెరుగుతోందండీ" అన్నాను. ఆ జవాబు నాకే చాలలేదు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇలాంటి ఆటపాటల టెక్నాలజీ క్లాసులో వాడినవాళ్లు ఉంటే చెప్పండి. ఫలానా విషయం దీనివల్లే పిల్లలకి అర్థమైంది అని మీరు గట్టిగా అనగలిగింది ఏముంది? ఒక పాఠం, ఒక పిల్లవాడు చేసిన తప్పు, అలా చెబితే నాకు ఉపయోగపడుతుంది.

తాబేలు

సుద్దముక్క గారూ, మీ ప్రశ్న చాలా పాతది. పిల్లల చేత ప్రోగ్రాములు రాయించాలనుకున్న మొదటి రోజుల నుంచీ అడుగుతున్నదే. నేను ముప్పై ఏళ్ల నుంచి లెక్కలు చెబుతున్నాను. నాకు దొరికిన జవాబు ఒక త్రిభుజం.

స్క్రాచ్ వచ్చింది 2007లో, ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం నుంచి. దానికి తాతలాంటిది లోగో అనే ప్రోగ్రామింగ్ భాష. 1967లో సీమోర్ పాపర్ట్, వాలీ ఫోర్‌జైగ్, సింథియా సోలమన్ కలిసి తయారుచేశారు. అంతకుముందు పాపర్ట్ జెనీవాలో, పిల్లలు ఎలా ఆలోచిస్తారో పరిశోధించిన జీన్ పియాజే దగ్గర పనిచేశాడు. పిల్లలు తప్పు చెప్పినప్పుడు ఆ తప్పు వెనక వాళ్లదైన లెక్క ఒకటి ఉంటుందన్న సంగతి ఆయన అక్కడ దగ్గరగా చూశాడు. లోగోలో ఒక తాబేలు ఉంటుంది. మొదట్లో అది నేలమీద పాకే రోబో, తర్వాత తెరమీదకి వచ్చింది. ముందుకు ఇన్ని అడుగులు వెయ్యి, కుడికి ఇన్ని డిగ్రీలు తిరుగు అని చెబితే గీత గీస్తూ పోతుంది.

చతురస్రం పిల్లలకి వెంటనే వస్తుంది. ముందుకు 100, కుడికి 90, ఇదే నాలుగుసార్లు. తర్వాత సమబాహు త్రిభుజం గీయమనండి. దాదాపు ప్రతి పిల్లా ముందుకు 100, కుడికి 60 అనే రాస్తుంది. త్రిభుజంలో కోణం 60 డిగ్రీలని పుస్తకంలో చదివారు, పరీక్షలో రాశారు, అందులో తప్పేమీ లేదు. తీరా నడిపిస్తే తాబేలు ఎటో వెళ్లిపోతుంది. మూడు భుజాలు గీస్తుంది కానీ అవి కలవవు. షడ్భుజంలో సగం వచ్చి ఆగిపోతుంది.

ఆ క్షణంలో నేను నోరు విప్పను. పిల్ల నా మొహం చూస్తుంది, నేను తెర వైపు చూస్తాను. ఒకరిద్దరు 60ని 70 చేస్తారు, 100 చేస్తారు, చేసి చూస్తుంటారు. ఇంకా తేలకపోతే లేచి నేలమీద త్రిభుజం నడవమంటాను. మూల దగ్గరికి వచ్చాక ఒంటిని ఎంత తిప్పాల్సి వచ్చిందో వాళ్ల కాళ్లకే తెలుస్తుంది. లోపలి కోణం 60 అయితే తిరగాల్సింది 120. మొత్తం చుట్టి మొదలుపెట్టిన చోటికి, మొదట చూసిన వైపుకే వచ్చి నిలబడితే తిరిగింది 360.

అక్కడినుంచి నేను ఆపినా వాళ్లు ఆగరు. పంచభుజికి 72 అని వాళ్లే కనుక్కుంటారు. ఐదు కొనల నక్షత్రానికి 72 పనికిరాదు, 144 కావాలి, ఎందుకంటే నక్షత్రం గీసేటప్పుడు రెండు చుట్లు తిరుగుతాం. ఒకసారి ఒక పిల్లాడు ముందుకు 1, కుడికి 1 అని 360 సార్లు చేయించాడు. వృత్తం వచ్చింది. దాని వ్యాసార్థం కొలిస్తే 57 చిల్లర. "ఇదేం అంకె సార్?" అన్నాడు. 360ని 2πతో భాగించమన్నాను. రేడియన్ (57 డిగ్రీల చిల్లర ఉండే కోణం) అనే మాట వినడానికి మూడేళ్ల ముందే వాడు రేడియన్‌ని చేత్తో పట్టుకున్నాడు.

మీ పిల్లి గంతులేస్తే అందులో తప్పయ్యేదేమీ లేదు, ఎలా గంతేసినా సరైనదే. అందుకే ముందుకి వెళ్లడం లేదని నా అనుమానం. తప్పితే కళ్లకి కనిపించే పని ఒకటి ఇచ్చి చూడండి.

పాతపలక

తాబేలు గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. అయినా రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

త్రిభుజం బాహ్యకోణం 120 అని నేను బోర్డు మీద పావుగంటలో చెబుతాను. మీరు దానికి రెండు పీరియడ్లైనా పెట్టి ఉంటారు. మా సిలబస్‌లో ఇలాంటి సంగతులు వందల కొద్దీ ఉన్నాయి.

కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా బడి మారిపోతుందని అన్నవాళ్లు చాలామంది. సినిమా వచ్చాక బడుల్లో పుస్తకాల అవసరమే ఉండదని 1913లో ఎడిసన్ అన్నాడు. తర్వాత రేడియో, టీవీ, కంప్యూటర్. లోగో విషయంలోనే చూడండి. ప్రోగ్రామింగ్ నేర్చిన పిల్లలకి పనిని పథకం వేసుకుని చేయడం అన్నిచోట్లా వస్తుందని ఆశపడ్డారు. 1980లలో రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ అనే పరిశోధకులు పరిశీలిస్తే ఆ నేర్పు వేరే పనులకి దానంతట అది పాకలేదని తేలింది.

నాకు పిల్లలంటే ఇష్టమే, ఆటలంటే ద్వేషం లేదు. ఏడాదిలో నాకున్న గంటలు లెక్కపెట్టుకుంటే మాత్రం భయమేస్తుంది. సుద్దముక్క గారికి కలిగిన అనుమానం సరైనదే. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి.

తాబేలు

పాతపలక గారూ, పీ, కర్లాండ్ల మాటతో నాకు పేచీ లేదు. దానంతట అది పాకదు, నిజం. పిల్లని తాబేలు ముందు కూర్చోబెట్టి టీచర్ పక్కకి వెళ్లిపోతే ఏమీ జరగదు. తర్వాతి రోజు బోర్డు మీద బాహ్యకోణాల మొత్తం 360 అని రాసినప్పుడు, "నిన్న నువ్వు తిరిగిన తిరుగుడే ఇది" అని నేను గుర్తు చేయాలి. ఆ ముడి వేసేది నేనే. బోర్డు మీద పావుగంటలో చెప్పిన బాహ్యకోణాన్ని మరుసటి ఏడాది మళ్లీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చేది నాకు. మీకు అలా కాకపోతే మీ పద్ధతి తెలుసుకోవాలని ఉంది, మనస్ఫూర్తిగానే అడుగుతున్నాను.

చీకటిగది

సైన్స్ వైపు నుంచి నాది ఒక అనుభవం. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

ఎనిమిదో తరగతికి చంద్రకళల పాఠం చెప్పాను. పరీక్షలో "చంద్రునికి స్వయంప్రకాశం లేదు, సూర్యకాంతిని పరావర్తనం చేస్తాడు" అని అందరూ చక్కగా రాశారు. మార్కులు బాగా వచ్చాయి. తర్వాత సరదాకి అదే పాఠాన్ని బొమ్మల సినిమాగా తీయమన్నాను. బంకమట్టితో బొమ్మలు చేసి, కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫోటో తీసి, అన్నీ వరుసగా ఆడించడం. స్టాప్ మోషన్ అంటారు. దానికి ఒక ఫోను, అది కదలకుండా నిలబడే స్టాండు ఉంటే చాలు. సెకనుకి 12 ఫోటోలుంటే కదలిక బాగానే కనిపిస్తుంది.

నాలుగు గుంపులు తీశాయి. నాలుగింటిలో మూడు గుంపులు చేసింది చూసి నేను కుర్చీలో కూలబడ్డాను. పసుపు సూర్యుడు, నీలం భూమి, తెల్ల చంద్రుడు. ఆ చంద్రుడి మీదకి ఒక నల్ల కాగితం ముక్క మెల్లగా జరుగుతోంది. "ఇదేంటి?" అంటే "భూమి నీడ మేడమ్, అందుకే చంద్రుడు తరుగుతాడు" అన్నారు. పరీక్షలో సరిగ్గా రాసిన పిల్లలే. కాగితం మీద అబద్ధం ఆడలేదు, వాళ్ల మనసులో ఉన్న బొమ్మని మా ప్రశ్న అడగలేదు, అంతే. సినిమా తీయాలంటే మొదటి ఫోటోకీ చివరి ఫోటోకీ మధ్య ఏం జరిగిందో ప్రతి అడుగులో చూపాలి. అక్కడ దాచుకోవడానికి చోటుండదు.

మరుసటి రోజు కిటికీలన్నీ మూసి గదిని చీకటి చేశాం. ఒక మూల ఒక్కటే బల్బు, అది సూర్యుడు. గది మధ్యలో స్టూలు మీద ఫోను, అది భూమి. పుల్లకి గుచ్చిన తెల్ల బంతి చంద్రుడు. నెలకి 30 ఫోటోలు అనుకుని ఒక్కో ఫోటోకి బంతిని 12 డిగ్రీలు జరిపాం, 30 సార్లకి 360 అయ్యాయి. ప్రతిసారీ ఫోన్‌ని బంతి వైపు తిప్పి ఫోటో తీశాం. బంతి బల్బు వైపు ఉన్నప్పుడు మనకి కనిపించేది చీకటి ముఖం, అది అమావాస్య. కొంచెం జరగగానే సన్నటి నెలవంక. పావు చుట్టు తిరిగేసరికి సగం చంద్రుడు.

సగం చుట్టు తిరిగి బంతి బల్బుకి సరిగ్గా ఎదురుగా వచ్చేసరికి పున్నమి రావాలి కదా. రాలేదు. స్టూలు నీడా ఫోను నీడా వెళ్లి బంతి మీద పడ్డాయి. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే పాప గట్టిగా "మేడమ్, ఇది గ్రహణం!" అని అరిచింది. నిన్న నల్లకాగితం జరిపింది ఆ పాపే. భూమి నీడ అంటే ఏమిటో, అది ఎప్పుడు పడుతుందో ఆ క్షణంలో విడిపోయింది. మరి ప్రతి పున్నమికీ గ్రహణం ఎందుకు రాదు అని వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. బంతిని కొంచెం పైకెత్తితే నీడ తప్పుకుంది. చంద్రుడి దారి సుమారు 5 డిగ్రీలు వంగి ఉంటుందని నేను అప్పుడు చెప్పాను. ఆ మాట వినడానికి వాళ్లు అంతగా ఎదురుచూసిన రోజు నాకు ఇంకోటి గుర్తు లేదు.

30 ఫోటోలు ఆడిస్తే రెండున్నర సెకన్లే వచ్చింది. చాలలేదని ప్రతి ఫోటోనీ రెండేసిసార్లు పెట్టుకున్నారు. పాతపలక గారూ, మొత్తం నాకు మూడు పీరియడ్లు పట్టింది. ఆ నల్ల కాగితం ముక్క కనిపించడానికే నేను ఆ మూడు పీరియడ్లూ ఇస్తాను.

సుద్దముక్క

చీకటిగది గారూ, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మా పిల్లలు కూడా ఆ నల్ల కాగితమే పెడతారని నాకు ఇప్పుడే తెలిసిపోతోంది.

నాది ఇంకో ఇబ్బంది. నా దగ్గర కంప్యూటర్లు మూడే. ఒక్కోదాని చుట్టూ పన్నెండు మంది. మౌస్ ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉంటుంది, అదీ మొదటి రోజు నుంచీ ఆ ఒక్కరే. మిగతావాళ్లు భుజాల మీంచి తొంగి చూస్తారు, కాసేపయ్యాక కబుర్లలో పడతారు. నెమ్మదిగా ఆలోచించే పిల్లలకి అసలు చోటే దొరకడం లేదు.

మూడోబెంచి

పన్నెండు మంది చాలా ఎక్కువ. అందరినీ ఒకేసారి కంప్యూటర్ దగ్గరికి పంపకండి. మా దగ్గర ఒక పీరియడ్‌లో మూడో వంతు పిల్లలే దాని దగ్గర ఉంటారు, అదీ ఒక్కోదానికి నలుగురు. మిగతావాళ్లు కాగితం మీద ప్రోగ్రాం రాస్తుంటారు లేదా నేలమీద నడిచి చూస్తుంటారు. కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ సైన్స్ చెప్పే పద్ధతులు ఇప్పటికే చాలా ఉన్నాయి. న్యూజిలాండ్‌లో టిమ్ బెల్ బృందం 1990లలోనే మొదలుపెట్టిన సీఎస్ అన్‌ప్లగ్డ్ అందులో బాగా పేరున్నది. కాగితం మీద ఆలోచించి వచ్చిన గుంపు కంప్యూటర్ దగ్గర పది నిమిషాల్లో చేసేది, ఊరికే వచ్చిన గుంపు అరగంటలో కూడా చెయ్యదు.

మౌస్ పట్టుకున్నవాళ్లు సొంతంగా ఏమీ చెయ్యకూడదు, పక్కవాళ్లు చెప్పిందే చెయ్యాలి. ఎనిమిది నిమిషాలకోసారి గంట కొడతాను, చేతులు మారతాయి.

అన్నిటికంటే మా క్లాసుని మార్చింది ఇంకొకటి ఉంది. సాయం చేయడానికి వచ్చినవాళ్లు చేతులు వెనక్కి కట్టుకోవాలి. నోటితో చెప్పొచ్చు, వేలు పెట్టకూడదు. ఈ నియమం పిల్లలకే కాదు, నాక్కూడా. మొదటి వారం నా చేతులు ఎన్నిసార్లు కీబోర్డు మీదకి వెళ్లాయో లెక్కలేదు. పిల్ల చేతిలోంచి మౌస్ తీసుకుని "ఇలా చెయ్యాలి" అని మనం చేసి చూపించామంటే, ఆ పని ఇక తనది కాదని ఆ పిల్లకి అర్థమైపోతుంది.

లెక్కలచిట్టా

సంభావ్యత పాఠానికి స్క్రాచ్ ఎలా పనికొచ్చిందో రాస్తాను. సుద్దముక్క గారి క్లాసుకి సరిగ్గా సరిపోతుందనుకుంటున్నాను.

రెండు పాచికలు వేసి మొత్తం చెప్పే ప్రోగ్రాం రాయమన్నాను. స్క్రాచ్‌లో రెండు అంకెలిస్తే వాటి మధ్య ఏదో ఒకటి యాదృచ్ఛికంగా ఎంచే దిమ్మె ఉంటుంది. ఒక గుంపు 1 నుంచి 6 వరకు రెండుసార్లు ఎంచి కలిపింది. ఇంకో గుంపు తెలివిగా ఆలోచించింది. రెండు పాచికల మొత్తం 2 నుంచి 12 దాకా వస్తుంది కదా, 2 నుంచి 12 వరకు ఒక్కసారి ఎంచితే సరిపోతుంది అనుకుంది. పైకి చూస్తే రెండూ ఒకటే. ఎవరి ప్రోగ్రాం పొట్టిగా ఉందని పోటీ కూడా పెట్టుకున్నారు.

ఒక్కోటీ వెయ్యిసార్లు నడపమన్నాను. ఏ మొత్తం ఎన్నిసార్లు వచ్చిందో కడ్డీల బొమ్మగా గీసుకోమన్నాను. మొదటి గుంపు బొమ్మ మధ్యలో 7 దగ్గర ఎత్తుగా, రెండు చివర్లా వాలుగా, గుడారంలా వచ్చింది. రెండో గుంపుది ఇంచుమించు చదునుగా వచ్చింది. రెండు కాగితాలూ గోడకి పక్కపక్కన అంటించాం. ఎవరిది తప్పు? ఎవరూ ఒప్పుకోలేదు. నిజం పాచికలు తెచ్చి క్లాసంతా వేశాం, గుడారమే వచ్చింది. అప్పుడు రెండో గుంపు పిల్లాడు ఒకడు కూర్చుని 7 ఎన్ని రకాలుగా వస్తుందో రాసుకున్నాడు. ఆరు రకాలు. 12 ఒక్కటే రకం. 36లో 6, 36లో 1. ఈ రెండు అంకెల కోసమే నేను ప్రతి ఏడూ పట్టిక గీయిస్తుంటాను. ఈసారి ఆ పట్టిక తనకి కావాల్సి వచ్చి తనే గీసుకున్నాడు.

పాతపలక

లెక్కలచిట్టా గారూ, ఇది నాకు నచ్చింది. కానీ తేల్చింది నిజం పాచికలే కదా. కంప్యూటర్ లేకపోయినా ఈ పాఠం జరిగేదేమో?

లెక్కలచిట్టా

సగం జరిగేది. నిజం పాచికలు వేసినప్పుడు ఎవరూ తప్పు పాచిక వేయలేరు. 2 నుంచి 12 ఒకేలా వస్తాయనుకున్న పిల్లాడి ఆలోచనకి చేతులూ కాళ్లూ ఇచ్చి వెయ్యిసార్లు పరుగెత్తించింది స్క్రాచే. తన ఆలోచన తెరమీద నడిచి, నిజంతో పోటీపడి ఓడిపోవడం వాడు చూశాడు. పాచికలు మాత్రమే వేసి ఉంటే 7 ఎక్కువ వస్తుందని ఒప్పుకునేవాడు, తను మొదట ఏమనుకున్నాడో మర్చిపోయేవాడు.

రాగిపట్టీ

కంప్యూటర్ ఒక్కటి కూడా లేనివాళ్ల కోసం రాస్తున్నాను. కాగితం మీద సర్క్యూట్లు చేయించండి. జిగురున్న రాగిపట్టీ, చిన్న ఎల్‌ఈడీలు, 3 వోల్టుల బటన్ సెల్ ఉంటే చాలు. పిల్లలు బొమ్మ గీసి, దాని కన్ను వెలిగేలా వెనక రాగిపట్టీ అంటిస్తారు. ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి, తిరగేస్తే వెలగదు. కరెంటు ఒకే దిక్కుకి పోతుందని అక్కడే తెలిసిపోతుంది.

తర్వాత రెండో కన్ను కావాలంటారు. ఒకదాని వెనక ఒకటి శ్రేణిలో పెడతారు, రెండూ ఆరిపోతాయి. ఎరుపు ఎల్‌ఈడీ ఒక్కదానికే దాదాపు 2 వోల్టులు కావాలి, రెండిటికి 3 చాలదు. సమాంతరంగా పెడితే వెలుగుతాయి. ఒక పాప ఒక కన్ను ఎరుపు, ఒక కన్ను నీలం పెట్టుకుంది. ఎరుపు వెలిగింది, నీలం చచ్చినట్టు పడి ఉంది. నీలం ఎల్‌ఈడీ పాడైందని మూడుసార్లు మార్చింది. ఎరుపు తీసేస్తే నీలం చక్కగా వెలుగుతోంది! నీలానికి 3 వోల్టుల దాకా కావాలి, ఎరుపు అంతకంటే తక్కువలోనే కరెంటు లాగేస్తూ ఆ చిన్న సెల్ వోల్టేజీని కిందకి దించేస్తుంది. ఓమ్ నియమం అక్షరాల్లో చెబితే ఆవలించే పిల్లలు, దీనికి కారణం తెలిసేదాకా ఇంటికి వెళ్లేది లేదన్నారు.

జాగ్రత్త ఒకటి తప్పకుండా చెప్పాలి. బటన్ సెల్ మింగితే చాలా ప్రమాదం. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోయే అవకాశం ఉంది. క్లాసుకి ముందు లెక్కపెట్టి ఇవ్వండి, అయ్యాక లెక్కపెట్టి తీసుకోండి. ఒక్కటి తగ్గినా ఎవరినీ కదలనివ్వకండి. మింగారన్న అనుమానం వచ్చినా ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. చిన్న తరగతుల పిల్లల చేతికి నేను వీటిని ఇవ్వను.

ఇరవైఐదుదీపాలు

మైక్రోబిట్ ఉన్నవాళ్లు ఉంటే ఒక చిన్న చిట్కా. 2016లో బ్రిటన్‌లో ఏడో ఏడు చదివే పిల్లలకి లక్షల్లో పంచిన అరచేతి బోర్డు అది. 25 చిన్న దీపాలు, రెండు మీటలు ఉంటాయి. దాంతో గది ఉష్ణోగ్రత కొలవమనండి. పక్కన మామూలు థర్మామీటరు పెట్టండి. మైక్రోబిట్ కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ఏది నిజం అని క్లాసు రెండుగా చీలిపోతుంది. అది కొలిచేది గది వేడిని కాదు, తన ప్రాసెసర్ వేడిని. ఎంత తేడా వస్తోందో పది రీడింగులు తీసి, సగటు కట్టి, ప్రోగ్రాంలో దాన్ని తీసేయమనండి. పరికరాన్ని సరిచూసుకోవడం అంటే ఏమిటో దీనికంటే బాగా చెప్పే పాఠం నా దగ్గర లేదు.

కథలపెట్టె

అందరూ లెక్కలూ సైన్సూ చెబుతున్నారు, నేను భాషా ఉపాధ్యాయురాలిని. పిల్లల చేత కథని నాటికలా చదివించి రికార్డు చేయిస్తాను. దానికి ఆడాసిటీ అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. అందులో గొంతు ఒక అలల బొమ్మలా కనిపిస్తుంది. మాట్లాడితే కొండలు, ఆగితే సన్నటి గీత.

గుక్క తిప్పుకోకుండా చదివే ఒక బాబు తన బొమ్మ చూసుకున్నాడు. మొదటినుంచి చివరిదాకా ఒకటే కొండ. పక్క పిల్ల బొమ్మలో మధ్యమధ్య చదును నేల ఉంది. "నువ్వు కామా దగ్గర ఆగలేదు" అని నేను ఏడాదిగా చెబుతున్న మాట ఆ రోజు వాడే నాకు చెప్పాడు. అదే పేరాని తొమ్మిదిసార్లు చదివాడు. చదవమని నేను అడగలేదు. నత్తితో బాధపడే ఇంకో పాప, అందరూ వెళ్లిపోయాక ఒక్కతే కూర్చుని రికార్డు చేసి, నచ్చిన ముక్కలు అతికించి నాకు వినిపించింది. క్లాసులో లేచి చదవమంటే ఏడ్చేసే పిల్ల. నేను విన్నాక "మళ్లీ పెట్టనా మేడమ్?" అంది.

పిల్లల గొంతులూ మొహాలూ నెట్‌లో పెట్టకండి. క్లాసులో వినిపించుకుంటే చాలు. స్క్రాచ్ కూడా నెట్ లేకుండా నడిచే రూపంలో దొరుకుతుంది కదా.

మూడోబెంచి

మార్కుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రోగ్రాం చక్కగా కనిపిస్తే మార్కులు వేస్తే ఘోరం జరుగుతుంది, ఒకరు చేసింది పదిమంది కాపీ కొడతారు. నేను ప్రతి గుంపునీ రెండే అడుగుతాను. "చివరగా ఏం మార్చావు? ఎందుకు మార్చావు?" సొంతంగా చేసినవాళ్లు వెంటనే చెబుతారు, చెప్పడం మొదలుపెడితే ఆపరు. చెయ్యనివాళ్లు మొత్తం ప్రోగ్రాం వివరించబోతారు. ఇంకోటి, నేనే ఒక తప్పు దూర్చిన ప్రోగ్రాం ఇచ్చి కనిపెట్టమంటాను. సుద్దముక్క గారూ, తోటి టీచర్ మళ్లీ అడిగితే ఆ రెండు ప్రశ్నలూ పిల్లల్నే అడగమని చెప్పండి.

సుద్దముక్క

మూడు వారాలయింది. జరిగింది రాస్తాను.

పిల్లిని పక్కన పెట్టి ఒక బంతిని తెచ్చాను. పైనుంచి వదిలితే నేలకి తగిలి ఎగరాలి, ఎగిరి ఎగిరి ఆగిపోవాలి. పని ఇంతే. మూడోబెంచి గారు చెప్పినట్టు గుంపుకి నలుగురు, చేతులు వెనక్కి.

స్క్రాచ్ తెర వెడల్పు 480, ఎత్తు 360, మధ్యలో సున్నా. పైకి ప్లస్, కిందకి మైనస్. రుణ సంఖ్యలు మా పిల్లలకి గుదిబండ. బంతి ఎత్తు మైనస్ 150 అయితే నేల అని రాయాల్సి వచ్చేసరికి ఎవరినీ బతిమాలకుండానే మైనస్‌లు వాడారు. మొదట అందరూ బంతిని ఒకే వేగంతో దించారు. "ఇది పడుతున్నట్టు లేదు, లిఫ్టులో దిగుతున్నట్టుంది" అని వాళ్లలోనే ఒకరన్నారు. వేగం ప్రతి అడుగుకీ 1 చొప్పున పెరగాలని కనుక్కోవడానికి ఒక పీరియడ్ పట్టింది. నేను చెప్పలేదు. నాలుగైదుసార్లు నాలిక చివరిదాకా వచ్చింది.

నేలకి తగిలాక వేగాన్ని మైనస్ 1తో గుణించారు, బంతి ఆగకుండా ఎగురుతూనే ఉంది. మైనస్ 0.8 పెట్టారు, మెల్లగా తగ్గింది. 300 ఎత్తు నుంచి పడితే దానిలో 0.8 వంతు, అంటే 240 దాకా లేవాలని ముందే కాగితం మీద రాసుకున్నారు. లేచింది సుమారు 175. అందరూ ప్రోగ్రాంలో తప్పు వెతికారు. తప్పు లేదు. ఎత్తు వేగాన్ని బట్టి కాదు, వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 0.8ని 0.8తో గుణిస్తే 0.64, 300లో అది 192. కంప్యూటర్ అడుగులు అడుగులుగా లెక్కేస్తుంది కాబట్టి మాకు ఇంకొంచెం తక్కువొచ్చింది. ఇది ఏడో తరగతి పాఠం కాదు, నాకు తెలుసు. ఎందుకు తగ్గిందో చెప్పమని వాళ్లు అడిగారు, చెప్పాను.

అన్నీ బాగా జరగలేదు. రెండు గుంపులు ఇప్పటికీ బంతికి రంగులు మార్చడం దగ్గరే ఉన్నాయి. వాళ్లకి ఈ పని నచ్చలేదు. వచ్చే వారం వాళ్లకి స్టాప్ మోషన్ ఇస్తాను. రెండు పీరియడ్ల సిలబస్ కూడా వెనకబడింది.

అప్పుడు అడిగిన టీచరే మొన్న మళ్లీ వచ్చారు. నేనేమీ చెప్పకుండా ఒక గుంపు దగ్గర కూర్చోబెట్టాను. చివరగా ఏం మార్చావని ఆవిడ అడిగారు. "బంతి నేలలోకి కూరుకుపోతోందండీ. కింద ఉండగానే వేగం మళ్లీ మళ్లీ తిరగబడుతోంది. అందుకని ముందు బంతిని నేలమీదకి తెచ్చి, తర్వాత వేగం తిప్పాను" అని చెప్పింది ఒక పాప. మొదటి నెలలో ఒక్కసారి కూడా మౌస్ ముట్టుకోని పాప. ఆవిడ పీరియడ్ అయ్యేదాకా అక్కడే కూర్చున్నారు.

పాతపలక

సుద్దముక్క గారూ, ఆ బంతి ప్రోగ్రాం ఫైలు పంపగలరా? తప్పు సరిచేయక ముందుది, బంతి నేలలో కూరుకుపోయేదే కావాలి. మా పిల్లలకి ఇచ్చి చూస్తాను.

సుద్దముక్క

పంపుతున్నానండీ. పాప చేసిన మార్పు ఏమిటో మాత్రం మీ పిల్లలకి ముందే చెప్పకండి.